స్పోర్ట్స్ న్యూస్ ఏపీఐ: రెడీమేడ్ లైబ్రరీనా, సొంత కోడా?

యాప్‌లోనో సైట్‌లోనో ఆటల వార్తలు చూపించాలి. వాటిని ఏపీఐ ద్వారా, అంటే మీ ప్రోగ్రామ్ నేరుగా అడిగి తెచ్చుకునే దారిలో ఇచ్చే సర్వీసు ఏదో తేల్చుకున్నారు, దాన్ని వాడుకోనిచ్చే కీ కూడా చేతికొచ్చింది. ఇక కోడ్ మొదలుపెడదామని ప్యాకేజీల రిజిస్ట్రీలో వెతికితే ఆ ఒక్క సర్వీసుకే నాలుగైదు లైబ్రరీలు, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌లు, కనిపిస్తాయి. ఒకటి సర్వీసు వాళ్లే రాసింది. ఇంకొకటి ఎవరో సరదాకి రాసి వదిలేసినట్టుంది. మూడోదానికి స్టార్లు దండిగా ఉన్నాయి కానీ చివరి రిలీజ్ వచ్చి ఏళ్లయింది. ఇవన్నీ చూస్తుండగానే పక్క సీట్లోంచి ఎవరో ఒకరు అంటారు: "ఒక్క గెట్ రిక్వెస్ట్‌కి లైబ్రరీ ఎందుకు?"

గెట్ రిక్వెస్ట్ అంటే సర్వర్‌ని డేటా ఇమ్మని అడగడమే కాబట్టి ఆ ప్రశ్న సబబైనదే, కానీ జవాబు అందరికీ ఒకటి కాదు. లైబ్రరీ మిగిల్చేది మొదటి రోజు పని. అసలు పని తర్వాత వస్తుంది: వార్త శీర్షిక మారినప్పుడు, సర్వీసు కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు, ఫైనల్ మ్యాచ్ రోజు రిక్వెస్టుల లిమిట్ దాటినప్పుడు. ఆ రోజుల్లో ఏ దారి మీకు తక్కువ టెన్షన్ పెడుతుందో చూసి ఎంచుకోవాలి. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌వి, కానీ విషయం ఏ భాషకైనా వర్తిస్తుంది.

## ముందు ఇది తేల్చుకోండి: స్కోర్లా, వార్తలా?

'స్పోర్ట్స్ ఏపీఐ' అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు సరుకులు దొరుకుతాయి. ఫుట్‌బాల్-డేటా డాట్ ఆర్గ్ లాంటివి మ్యాచ్‌ల షెడ్యూలు, స్కోర్లు, పాయింట్ల పట్టిక ఇస్తాయి, వ్యాసాలు ఇవ్వవు. బ్రిటన్ పత్రిక గార్డియన్ 2009లో మొదలుపెట్టిన ఓపెన్ ప్లాట్‌ఫామ్ వ్యాసాలు ఇస్తుంది. న్యూస్‌ఏపీఐ అనే సర్వీసు వేర్వేరు వార్తా సైట్ల శీర్షికలను పోగుచేసి ఒకచోట ఇస్తుంది, అందులో స్పోర్ట్స్ ఒక కేటగిరీ. స్పోర్ట్‌రాడార్ లాంటి పెద్ద కంపెనీల్లో గణాంకాల ఏపీఐలు వేరు, వార్తల ఏపీఐ వేరు.

స్కోరుకూ వార్తకూ పోలిక లేదు. స్కోరులో ఒక అంకె మారుతుంది, పాతది వదిలేస్తాం. వార్త అలా కాదు. శీర్షిక మారుతుంది, కొత్త పేరా చేరుతుంది, తప్పని తేలితే మొత్తం వెనక్కి తీసుకుంటారు. స్కోర్ల కోసం రాసిన లైబ్రరీలో 'ఈ వార్త ఉపసంహరించారు' అన్న ఆలోచనకే చోటుండదు. కాబట్టి పేరులో స్పోర్ట్స్ అని కనిపించగానే ఇన్‌స్టాల్ చేయకుండా, వార్తల ఎండ్‌పాయింట్, అంటే వార్తలు అడగాల్సిన అడ్రస్, దానిలో ఉందో లేదో చూడండి. చాలావాటిలో ఉండదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

సర్వీసు మారితే ఎవరు చూసుకుంటారు. ఈఎస్‌పీఎన్ 2012లో డెవలపర్ల కోసం ఏపీఐలు తెరిచింది. తాజా శీర్షికలు ఇచ్చే ఏపీఐ కూడా వాటిలో ఉంది. దాని చుట్టూ రకరకాల భాషల్లో లైబ్రరీలు పుట్టుకొచ్చాయి. 2014 డిసెంబరులో బయటి డెవలపర్లకు ఆ తలుపు మూసేశారు. లైబ్రరీల కోడ్‌లో ఏ లోపమూ లేదు, అయినా అవన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. అలాంటివి ఇన్‌స్టాల్ అయితే అవుతాయి, ఎర్రర్ వచ్చేది రిక్వెస్ట్ పంపాకే. అందుకే లైబ్రరీ పేజీలోని రీడ్‌మీ కన్నా ముందు సర్వీసు వాళ్ల డాక్యుమెంటేషన్ చదవాలి. ఆ ఏపీఐ ఇప్పటికీ నడుస్తోందా, లైబ్రరీ పిలిచే వెర్షనే నడుస్తోందా అన్నది మొదటి ప్రశ్న.

వార్త మారిన సంగతి మీదాకా వస్తుందా. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, జనం అతి తక్కువగా చూసేదీ ఇదే. ఒక ఆటగాడికి గాయమైందని ఉదయం వార్త వస్తుంది. మధ్యాహ్నానికి అది 'ఆడడం అనుమానం' అవుతుంది, సాయంత్రానికి 'తుది జట్టులో ఉన్నాడు' అవుతుంది. ఈ మూడూ ఒకే ఐడీ మీద వచ్చే సర్వీసులు ఉన్నాయి. మారేది శీర్షిక, చివరిగా మార్చిన సమయం. లైబ్రరీ ఆ సమయం ఫీల్డ్‌ని తన ఆబ్జెక్టులోకి తీసుకోకపోతే, 'ఈ ఐడీ మన దగ్గర ఉందిగా' అని మీ కోడ్ వదిలేస్తుంది. మీ స్క్రీన్ మీద రాత్రి దాకా గాయం వార్తే ఉంటుంది.

ఈ సమాచారం ఒక్కో చోట ఒక్కోలా వస్తుంది. గార్డియన్‌లో చివరిగా మార్చిన సమయాన్ని మీరు ప్రత్యేకంగా అడిగితేనే పంపుతారు. సైట్లు తమ తాజా వార్తల జాబితా ఇచ్చే ఫీడ్ ఫార్మాట్ ఆర్‌ఎస్‌ఎస్ 2.0లో ఒక్కో ఐటమ్‌కి ప్రచురణ తేదీ ఉంటుంది కానీ సవరించిన తేదీకి ఫీల్డే లేదు. అలాంటిదే, 2005లో ప్రమాణమైన ఆటమ్‌లో సవరించిన సమయం ప్రతి ఎంట్రీకీ తప్పనిసరి. వార్తా సంస్థలు వాడే న్యూస్‌ఎంఎల్-జీ2 ప్రమాణంలో అయితే ప్రతి వార్తకూ ఒక స్థితి ఉంటుంది: వాడుకోవచ్చు, నిలిపి ఉంచారు, రద్దయింది. న్యూస్‌ఏపీఐలో తొలగించిన వ్యాసాలు శీర్షిక స్థానంలో చతురస్ర బ్రాకెట్లలో 'రిమూవ్డ్' అన్న మాటతో వచ్చిన సందర్భాలున్నాయి. వాటిని వడకట్టకపోతే మీ హోం పేజీలో ఆ మాటే వార్తగా కనిపిస్తుంది.

లిమిట్ దగ్గర ఎలా నడుచుకుంటుంది. న్యూస్‌ఏపీఐ ఉచిత ప్లాన్‌లో రోజుకు 100 రిక్వెస్టులు, పైగా వ్యాసాలు 24 గంటలు ఆలస్యంగా వస్తాయి. పదిహేను నిమిషాలకోసారి అడిగితే రోజుకు 96 రిక్వెస్టులు, సరిగ్గా సరిపోయినట్టే. కానీ ఫుట్‌బాల్, టెన్నిస్, క్రికెట్ అని మూడు వేర్వేరు రిక్వెస్టులు పెడితే 288. అది సుమారు ఎనిమిది గంటల్లోనే ఆగిపోతుంది. ఫెయిలైన ప్రతిసారీ వెంటనే మళ్లీ ప్రయత్నించే లైబ్రరీ అయితే ఇంకా ముందే ఆగుతుంది. లిమిట్ దాటినప్పుడు సర్వర్ ఇచ్చే 429 కోడ్‌తో పాటు 'ఇన్ని సెకన్ల తర్వాత రా' అని చెప్పే రిట్రై-ఆఫ్టర్ హెడర్ కూడా రావచ్చు. లైబ్రరీ దాన్ని పాటిస్తుందా, కనీసం మీకు చూపిస్తుందా? రెండూ చేయకపోతే ఆ లైబ్రరీతో కష్టం.

తేదీలు, పేర్లు. తేదీలు సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), చివర 'జడ్' అక్షరంతో వస్తాయి. ఆ జడ్‌ని పైథాన్ డేట్‌టైమ్‌లోని ఫ్రమ్‌ఐసోఫార్మాట్ 3.11 వెర్షన్ నుంచే అర్థం చేసుకుంటోంది. అంతకుముందు వెర్షన్లలో ఎర్రర్ ఇస్తుంది. కొన్ని లైబ్రరీలు ఆ జడ్‌ని కోసేసి టైమ్‌జోన్ లేని తేదీ చేతికిస్తాయి. అప్పుడు రాత్రి మ్యాచ్ వార్త వేరే రోజు కింద పడొచ్చు. జర్మన్, ఫ్రెంచ్ ఆటగాళ్ల పేర్లలో అక్షరాల మీద గుర్తులుంటాయి కాబట్టి ఎన్‌కోడింగ్ కూడా ఒకసారి చూసుకోవాలి.

లైసెన్స్ రెండు రకాలు. లైబ్రరీకి ఎంఐటీ లైసెన్స్ ఉంటే ఆ కోడ్ మీరు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. దాని ద్వారా వచ్చే వార్తను ఎలా వాడుకోవాలో చెప్పేది మాత్రం సర్వీసు నిబంధనలే. గార్డియన్ ఉచిత డెవలపర్ కీ వాణిజ్యేతర వాడకానికే. ఏ లైబ్రరీ తీసుకున్నా ఆ మాట మారదు.

## ఒక్కో దారీ

### అధికారిక ఎస్‌డీకే

సర్వీసు వాళ్లే రాసి, వాళ్లే నడిపే లైబ్రరీ. ఏపీఐ మారితే ఇదీ మారుతుందన్న నమ్మకం దీని అసలు బలం. పుష్ ఫీడ్ ఉన్న చోట, అంటే కనెక్షన్ తెరిచి ఉంచితే వార్తలు వాటంతటవే వచ్చి పడే చోట, తెగిన కనెక్షన్‌ని మళ్లీ కలపడం, మధ్యలో పోయినవాటిని తెచ్చుకోవడం సొంతంగా రాయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అక్కడ అధికారిక ఎస్‌డీకే ఉంటే రెండో ఆలోచన వద్దు.

ఇబ్బంది ఏమిటంటే, 'అధికారిక' అన్న మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. కొన్ని సర్వీసులు తమ సైట్‌లో బయటివాళ్లు రాసిన క్లయింట్ల (సర్వీసును పిలిచే లైబ్రరీల) జాబితా పెడతాయి. అవి కనిపించేది అధికారిక పేజీలోనే గానీ బాధ్యత మాత్రం వేరేవాళ్లది. ఇంకొన్ని సర్వీసులకు తాము లోపల వాడే భాషలోనే అధికారిక క్లయింట్ ఉంటుంది. గార్డియన్ వాళ్లది స్కాలాలో ఉంది. మీది పైథానో జావాస్క్రిప్టో అయితే ఉన్నా లేనట్టే.

### కమ్యూనిటీ రాపర్

రాపర్ అంటే సర్వీసును పిలిచే పనిని చుట్టిపెట్టిన లైబ్రరీ; ఇది ఎవరో అభిమాని తన అవసరానికి రాసుకుని అందరికీ పంచింది. ఇందులో చాలా మంచివీ ఉన్నాయి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ గణాంకాల సైట్ వెనకున్న ఎండ్‌పాయింట్లను పిలిచే ఎన్‌బీఏ_ఏపీఐ అనే పైథాన్ ప్యాకేజీ అలాంటిదే. సైట్‌కి ఏ హెడర్లు కావాలో, ఏ పారామీటర్ పేరేమిటో కమ్యూనిటీ ఓపిగ్గా కనిపెట్టి రాసిపెట్టింది. అదంతా మీరు మళ్లీ కనుక్కోవడం దండగ.

కానీ ఆ డేటా పత్రాల్లో ఎక్కడా హామీ ఇచ్చింది కాదు. ఇలాంటి రాపర్ వాడడమంటే పక్కింటి పెరట్లోంచి దారి చేసుకోవడమే. వాళ్లు కంచె వేస్తే అడిగే హక్కు ఉండదు. ఈఎస్‌పీఎన్ పాత ఏపీఐ మూతపడ్డాక, ఆ సైట్ తన పేజీల కోసం వాడుకునే ఎండ్‌పాయింట్ల మీద కట్టిన రాపర్ల పరిస్థితీ ఇదే. నేర్చుకోవడానికి, విశ్లేషణకి బ్రహ్మాండంగా పనికొస్తాయి. డబ్బు కట్టే కస్టమర్ల ముందు పెట్టేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

పత్రాలున్న సర్వీసుకు రాసిన రాపర్‌లో ఇంకో చిక్కు ఉంటుంది. న్యూస్‌ఏపీఐలో 'సోర్సెస్' పారామీటర్‌ని 'కేటగిరీ'తో కలిపి వాడకూడదు. దాని పైథాన్ క్లయింట్ ఈ తప్పును సర్వర్ దాకా పోనివ్వకుండా తనే ఆపి ఎర్రర్ ఇస్తుంది, మీ కోటాలో ఒక రిక్వెస్ట్ మిగులుతుంది. మంచిదే. అదే పద్ధతిలో ఒప్పుకునే దేశాలు, కేటగిరీల జాబితా లైబ్రరీలోనే రాసిపెట్టి ఉంటే, సర్వీసు కొత్త కేటగిరీ తెచ్చిన రోజు దాన్ని అడగనివ్వనిది సర్వర్ కాదు, మీ లైబ్రరీయే.

భద్రత గురించి ఒక్క మాట. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ ఎన్‌పీఎంలో విపరీతంగా వాడుకలో ఉన్న ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీ బాధ్యత కొత్త వ్యక్తి చేతికి వెళ్లాక, 2018లో అందులోకి బిట్‌కాయిన్ వాలెట్ల మీద గురిపెట్టిన కోడ్ చేరింది. చిన్న రాపర్ ఒకటే కదా అనుకుంటాం, దాని వెనక డజను డిపెండెన్సీలు, అంటే అది ఆధారపడే వేరే ప్యాకేజీలు, వస్తాయి. ఏ వెర్షన్లు వాడాలో రాసిపెట్టే లాక్ ఫైల్ పెట్టుకోండి, వెర్షన్ బిగించండి.

### స్పెసిఫికేషన్ నుంచి తయారైన క్లయింట్

సర్వీసు తన ఏపీఐ మొత్తాన్ని వివరించే ఓపెన్‌ఏపీఐ ఫైల్ (స్పెసిఫికేషన్, క్లుప్తంగా స్పెక్) ఇస్తే, ఓపెన్‌ఏపీఐ జనరేటర్ లాంటి పరికరంతో మీకు కావలసిన భాషలో క్లయింట్ నిమిషాల్లో తయారవుతుంది. టైపులు, మోడళ్లు అన్నీ వస్తాయి. వంద ఎండ్‌పాయింట్లున్న పెద్ద సర్వీసుకి ఇది వరం. రెండు ఎండ్‌పాయింట్లు వాడేవాళ్లకి మాత్రం వందల ఫైళ్లు నెత్తిన పడతాయి.

ఒక చోట జాగ్రత్త. 'వార్త రకం: వ్యాసం, ప్రివ్యూ, రిపోర్ట్' అని స్పెక్‌లో మూడే విలువలు రాసి ఉంటే, తయారైన కోడ్ ఆ మూడే ఒప్పుకుంటుంది. సర్వీసు నాలుగో రకం మొదలుపెట్టిందా, ఆ ఒక్క వార్త వల్ల మొత్తం పేజీ పార్స్ కాకుండా పోవచ్చు. తెలియని విలువ వస్తే వదిలేయకుండా, కూలిపోకుండా ఉండే సెట్టింగ్ మీ జనరేటర్‌లో ఉందేమో ముందే చూసుకోండి.

### నేరుగా హెచ్‌టీటీపీ

రిక్వెస్టులు పంపే మామూలు పైథాన్ లైబ్రరీలు రిక్వెస్ట్స్ గానీ హెచ్‌టీటీపీఎక్స్ గానీ తీసుకుని మిగతాది మీరే రాసుకోవడం. ఒకటి రెండు ఎండ్‌పాయింట్ల వార్తల పనికి నా ఓటు దీనికే. కోడ్ వంద లైన్లు దాటదు, ప్రతి లైనూ మీకు తెలిసిందే ఉంటుంది, సర్వీసు పత్రాల్లో ఉన్న పారామీటర్ ఏదైనా ఆ రోజే వాడుకోవచ్చు.

అయితే 'ఒక్క గెట్ రిక్వెస్టే కదా' అన్న మాటలో సగమే నిజం. రిక్వెస్ట్స్‌లో టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు) మీరు పెట్టకపోతే అసలు ఉండదు; అవతలి సర్వర్ జవాబివ్వకపోతే మీ ప్రోగ్రామ్ అలాగే కూర్చుంటుంది. హెచ్‌టీటీపీఎక్స్‌లో డిఫాల్ట్‌గా 5 సెకన్లు ఉంటుంది, కానీ అది రీడైరెక్ట్‌లను తనంతట తాను అనుసరించదు. రీట్రైల సంగతి రెండింట్లోనూ మీరే చూసుకోవాలి. పేజీలు తిప్పడం, కీని హెడర్‌లో పంపడం, సర్వర్ పంపే వెర్షన్ గుర్తు ఈట్యాగ్‌ని దాచుకుని తర్వాతిసారి 'మారిందా?' అని మాత్రమే అడగడం, మారలేదని 304 వస్తే పాతదే చూపించడం, ఇవన్నీ కూడా మీ పనే. కష్టం కాదు, మర్చిపోవడం తేలిక.

సర్వీసు సొంత తిరకాసులూ ఉంటాయి. గార్డియన్ ఏపీఐలో 'స్పోర్ట్' సెక్షన్ అడిగితే ఫుట్‌బాల్ వార్తలు రావు, దానికి విడిగా 'ఫుట్‌బాల్' సెక్షన్ ఉంది. మధ్యలో నిలువు గీత పెట్టి రెండూ కలిపి అడగాలి. ఇంకొకటి: మామూలుగా కొత్త వార్తలు ముందు వస్తాయి, కానీ వెతికే మాట ఒకటి చేర్చగానే వరుస మారిపోయి, మాటకు బాగా సరిపోయేవి ముందుకొస్తాయి. క్లబ్ పేరు చేర్చిన మరుక్షణం ఏళ్లనాటి వ్యాసాలు పైన తేలితే కంగారు పడొద్దు, 'ఆర్డర్-బై' పారామీటర్‌లో కొత్తవి ముందు అని చెప్పండి. ఇలాంటి విషయాలు మంచి రాపర్ మీకు చెప్పకుండానే సరిచేయగలదు. సాదాసీదా రాపర్ ఏం సరిచేయదు, పైగా పత్రాలు చదవాల్సిన అవసరం లేదన్న భ్రమ కలిగిస్తుంది.

### ఆర్‌ఎస్‌ఎస్, ఫీడ్‌పార్సర్

శీర్షిక, రెండు లైన్ల సారాంశం, లింకు చాలనుకుంటే ఏపీఐ దాకా ఎందుకు? పెద్ద క్రీడా సైట్లలో చాలావాటికి ఆటవారీగా ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. కీ అక్కర్లేదు. ఫీడ్‌పార్సర్ అన్న పైథాన్ లైబ్రరీ ఆర్‌ఎస్‌ఎస్, ఆటమ్ రెండిటినీ ఒకే రూపంలోకి తెస్తుంది, తేదీని యూటీసీకి మారుస్తుంది, ఈట్యాగ్ ఇస్తే పాటిస్తుంది, ఫీడ్ సరిగా లేకపోతే 'బోజో' అనే గుర్తు పెట్టి చెబుతుంది. పేరు తమాషాగా ఉన్నా ఆ గుర్తును చూడకుండా వదలొద్దు.

ఒక్క లోటు: ఫీడ్‌పార్సర్‌కి అడ్రస్ ఇచ్చి తెమ్మంటే టైమౌట్ చెప్పే వీలు లేదు. అందుకని రిక్వెస్ట్స్‌తో తెచ్చి, ఆ కంటెంట్‌ని దీనికి ఇవ్వడం మంచి పద్ధతి. పాత వార్తలు వెతకడం, ఆటగాడి పేరుతో వడపోత లాంటివి ఫీడ్‌లో కుదరవు. తాజాగా ఉన్న కొన్ని ఐటమ్‌లే ఉంటాయి, మీరు చూడని గంటల్లో వచ్చిపోయినవి పోయినట్టే.

### పేజీలను స్క్రేప్ చేయడం

అంటే సైట్ పేజీల్లోంచి కోడ్‌తో సమాచారం లాక్కోవడం. క్లుప్తంగా చెప్తాను: వార్తలకు వద్దు. 1997లో ఎన్‌బీఏ, మోటరోలా కేసులో అమెరికా అప్పీళ్ల కోర్టు ఆట జరుగుతుండగా వచ్చే స్కోర్ల లాంటి వాస్తవాల మీద కాపీరైట్ లేదని చెప్పింది నిజమే. కానీ వార్తా వ్యాసం అలాంటి వాస్తవాల పట్టీ కాదు, ఒకరు రాసిన రచన. దానికి కాపీరైట్ ఉంటుంది. పైగా సైట్ డిజైన్ మారిన ప్రతిసారీ మీ కోడ్ విరుగుతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | మొదలుపెట్టే పని | తర్వాతి నిర్వహణ | లిమిట్, క్యాష్ (తాత్కాలిక నిల్వ) మీద పట్టు | వార్త సవరణల సమాచారం |
|---|---|---|---|---|
| అధికారిక ఎస్‌డీకే | తక్కువ | తక్కువ, నిజంగా వాళ్లే నడిపితే | ఎస్‌డీకే ఇచ్చినంత | సాధారణంగా పూర్తిగా వస్తుంది |
| కమ్యూనిటీ రాపర్ | చాలా తక్కువ | చెప్పలేం | చాలాసార్లు తక్కువ | కోడ్ చదివి తేల్చుకోవాలి |
| స్పెక్ నుంచి క్లయింట్ | మధ్యస్థం | స్పెక్ మారినప్పుడల్లా మళ్లీ తయారీ | మీరు చేర్చుకోవాలి | స్పెక్‌లో ఉన్నదంతా వస్తుంది |
| నేరుగా హెచ్‌టీటీపీ | మధ్యస్థం | మీదే, కానీ చిన్నది | పూర్తిగా మీ చేతిలో | మీరు అడిగినంత |
| ఆర్‌ఎస్‌ఎస్, ఫీడ్‌పార్సర్ | చాలా తక్కువ | దాదాపు లేదు | ఈట్యాగ్ వరకు | ఆటమ్‌లో ఉంటుంది, ఆర్‌ఎస్‌ఎస్‌లో అరుదు |

## ఎవరికి ఏది

కోడింగ్ నేర్చుకుంటూ చిన్న ప్రాజెక్టు చేసేవాళ్లు నేరుగా హెచ్‌టీటీపీతోనే మొదలుపెట్టడం మేలు. గంట ఎక్కువ పడుతుంది, కానీ హెడర్లు, స్టేటస్ కోడ్‌లు, పేజీలు అంటే ఏమిటో అప్పుడే చేతికి అలవాటవుతుంది. రాపర్‌తో మొదలుపెట్టినవాళ్లు మొదటి 429 రాగానే ఎటు చూడాలో తెలియక ఆగిపోతారు.

ఒక జట్టు అభిమానుల కోసం చాట్ బాట్ నడిపేవాళ్లకి ఆర్‌ఎస్‌ఎస్ చాలు. పంపిన ప్రతి ఐటమ్ గుర్తింపునూ దాచుకుని, అదే మళ్లీ వస్తే పంపకుండా ఉంటే పని పూర్తయినట్టే. ఒక్కటే తేడా: చాట్‌లో పంపేసిన మెసేజ్ వార్త మారినా మారదు. కాబట్టి బదిలీ పుకార్ల మీద వెంటనే మోగించకుండా కాసేపు ఆగి పంపితే బాట్ పరువు నిలుస్తుంది.

గణాంకాల విశ్లేషణ చేసేవాళ్లది వేరే లోకం. వాళ్లకి నోట్‌బుక్‌లో పట్టిక ఎంత త్వరగా తెరుచుకుంటే అంత మంచిది. కమ్యూనిటీ రాపర్ తీసుకోండి, తెచ్చిన డేటాను వెంటనే ఫైల్‌లో దాచుకోండి. రేపు ఎండ్‌పాయింట్ మూతపడినా మీ విశ్లేషణ ఆగదు. దాచుకోవడానికి సర్వీసు నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో మాత్రం చూడండి.

వార్తా సంస్థలో పనిచేసేవాళ్లకి ఉపసంహరణలే ప్రాణం. రద్దయిన వార్త సైట్‌లో మిగిలిపోతే అది టెక్నికల్ సమస్యగా ఆగదు, లీగల్ టీమ్ దాకా వెళ్తుంది. డబ్బు కట్టే సర్వీసు తీసుకోండి; అధికారిక ఎస్‌డీకే, స్పెక్ నుంచి క్లయింట్, ఈ రెండిట్లో ఏదైనా సరే, స్థితి ఫీల్డ్ మీ డేటాబేస్ దాకా చేరుతోందని పరీక్ష రాసి మరీ నిర్ధారించుకోవాలి. ఫీడ్‌లో ఇంటర్నేషనల్ ప్రెస్ టెలికమ్యూనికేషన్స్ కౌన్సిల్, అంటే ఐపీటీసీ, సబ్జెక్ట్ కోడ్‌లు ఉంటే వాటినీ పారేయొద్దు. వాటిలో క్రీడలు అనే మొత్తం విభాగానికి 15000000 అన్న కోడ్ ఉంది. భాష ఏదైనా, పత్రిక ఏదైనా వడపోతకు అదే పనికొస్తుంది.

మొబైల్ యాప్ చేసేవాళ్లు లైబ్రరీ కన్నా ముందు ఇంకో నిర్ణయం తీసుకోవాలి. కీని యాప్‌లో పెట్టొద్దు. యాప్ ఫైల్‌ని విప్పి కీ బయటికి తీయడం పెద్ద విద్యేమీ కాదు. మధ్యలో మీ సొంత చిన్న సర్వర్ పెట్టి, అదే వార్తలు తెచ్చి క్యాష్‌లో ఉంచి యాప్‌కి ఇవ్వాలి. అప్పుడు పదివేల మంది ఒకేసారి తెరిచినా సర్వీసుకు వెళ్లేది ఒక్క రిక్వెస్టే. ఈ పద్ధతిలో స్విఫ్ట్‌కో కోట్లిన్‌కో రాపర్ ఉందా లేదా అన్న వెతుకులాటే అక్కర్లేదు.

## ఏది తీసుకున్నా ఒక గోడ కట్టుకోండి

మీ యాప్‌లోని మిగతా కోడ్‌కి ఆ లైబ్రరీ పేరు కూడా తెలియకూడదు. వార్తలు తెచ్చే ఒక ఫంక్షన్, అది తిరిగిచ్చే మీ సొంత రూపం ఉంటే చాలు: ఐడీ, శీర్షిక, లింకు, ప్రచురించిన సమయం, మార్చిన సమయం, స్థితి. లైబ్రరీ ఇచ్చే ఆబ్జెక్టులను స్క్రీన్ల దాకా తీసుకెళ్తే, దాన్ని మార్చే రోజున ప్రతి ఫైలూ తెరవాల్సి వస్తుంది. గోడ ఉంటే ఒక్క ఫైలుతో పోతుంది. దానితో పాటు సర్వర్ ఇచ్చిన అసలు జేసన్‌ని, అంటే డేటా వచ్చిన టెక్స్ట్ రూపాన్ని, కొన్నాళ్లు లాగ్‌లో ఉంచండి. శీర్షిక తప్పుగా వచ్చిందని ఎవరైనా అంటే, తప్పు సర్వీసుదా లైబ్రరీదా మీదా అని తేల్చేది అదే.

## ఇన్‌స్టాల్ చేసే ముందు అరగంట

రాపర్ తీసుకోవాలనే అనుకుంటే దాని సోర్స్ ఫోల్డర్ తెరవండి. ఇలాంటివి చాలావరకు చిన్నవే, అరగంటలో చదివేయొచ్చు. ముందు 'టైమౌట్' అన్న మాట కోసం వెతకండి. ఎక్కడా లేకపోతే రాసినవాళ్లు నెట్ సరిగా లేని రోజును ఊహించలేదని అర్థం. తర్వాత 429 అంకె కోసం. ఆపైన పేజీలు తిప్పే కోడ్: మొదటి పేజీ ఇచ్చి ఊరుకుంటుందా, చివరిదాకా వెళ్తుందా, చివరిదాకా వెళ్తే మీ కోటాను మీకు చెప్పకుండా ఖర్చుపెడుతుందా?

ఆ తర్వాత వ్యాసం ఆబ్జెక్టు ఉన్న ఫైల్ తీసి, సర్వీసు పత్రాల్లోని ఫీల్డుల జాబితాను పక్కన పెట్టుకుని సరిపోల్చండి. మార్చిన సమయం లేదా? అసలు జేసన్‌ని అందుకునే దారి అయినా ఉందా? అదీ లేకపోతే అక్కడితో ఆపేయొచ్చు. చివరగా ఇష్యూల పేజీలో 'వర్కింగ్ కావట్లేదు' అన్న ఫిర్యాదుల తేదీలు, వాటికి జవాబులొచ్చిన తేదీలు చూడండి. స్టార్ల సంఖ్య చెప్పని సంగతి ఆ రెండు తేదీల మధ్య దూరం చెబుతుంది. జవాబే రాని ఫిర్యాదు మీరు వాడబోయే ఎండ్‌పాయింట్ మీదే ఉంటే, ఆ అరగంటలో మిగిలిన పది నిమిషాలతో సొంత గెట్ రిక్వెస్ట్ రాయడం మొదలుపెట్టండి.